ఇంటి ఈవీ చార్జర్ల రీకాల్: పాత యజమాని పేరు మీద ఉన్న వాల్ బాక్సుకు నోటీసు ఎవరికి వస్తుంది?

గ్యారేజీ_గోపాలం (ఫ్రిస్కో, టెక్సాస్)

మిత్రులందరికీ నమస్కారం. మేము కొనుక్కున్న ఇంటి గ్యారేజీలో పాత యజమాని పెట్టించుకున్న 40 ఆంపియర్ల వాల్ బాక్సు (గోడకు బిగించే కారు చార్జర్) ఉంది, అది కూడా ఇంటితోపాటే మాకు వచ్చింది. ఇంతకాలం ఇబ్బంది లేకుండా పనిచేసింది. ఈ మధ్య మాత్రం కారు చార్జింగ్‌లో ఉండగా గోడ దగ్గరి ప్లగ్గును తాకితే చేయి పెట్టలేనంత వేడిగా ఉంటోంది. బ్రేకర్ ఆపి ప్లగ్గు లాగి చూస్తే ఒక పిన్ను మొదట్లో ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఉంది, నీమా 14-50 సాకెట్టు (ఇక్కడి ఇళ్లలో 240 వోల్టుల పరికరాలకు పెట్టే 50 ఆంపియర్ల సాకెట్టు) ముఖం మీద కూడా సరిగ్గా అదే చోట మరక కనిపించింది.

మోడల్ నంబరుతో వెతికితే, కొన్ని సీరియల్ నంబర్ల మధ్య తయారైన యూనిట్లకు కంపెనీ రీకాల్ ప్రకటించిందనీ, మా యూనిట్ కూడా అందులోనే ఉందనీ తెలిసింది. నాకు ఉత్తరం రాలేదు, మెయిల్ రాలేదు. కస్టమర్ సర్వీసుకు ఫోన్ చేస్తే, కొన్న రసీదు నా పేరు మీద లేదు కాబట్టి మొదటి కొనుగోలుదారే సంప్రదించాలని చెప్పి చేతులు దులుపుకున్నారు. వ్యవహారం ఇంకా నడుస్తోంది కనుక కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు.

రెండో యజమానికి రీకాల్ వర్తిస్తుందా? కారుతోపాటు వచ్చిన కేబుల్‌కూ, విడిగా కొన్న వాల్ బాక్సుకూ నిబంధనలు వేరుగా ఉంటాయా? కొత్తది వచ్చేవరకు ఆంపియర్లు తగ్గించి వాడుకోవచ్చా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

---

ఎడిసన్_వాణి (న్యూజెర్సీ)

గోపాలం గారూ, ముందు మీ మూడో ప్రశ్నకు జవాబు: వాడకండి. ప్లాస్టిక్ రంగు మారిందంటే అక్కడి లోహపు స్ప్రింగు ఇప్పటికే వేడికి బిగువు కోల్పోయి ఉంటుంది, ఇకపై తక్కువ ఆంపియర్లకే ఎక్కువ వేడి పుడుతుంది. బ్రేకర్ ఆపి, దాని మీద ఒక కాగితం అంటించి ఉంచండి, ఇంట్లో మరొకరు తెలియక వేయకుండా ఉంటారు.

నిబంధనలు వేరుగానే ఉంటాయి, మీ ఇబ్బందికి మూలం కూడా అక్కడే ఉంది. కారుతోపాటు ఇచ్చిన కేబుల్‌నూ అడాప్టర్‌నూ వాహన పరికరాలుగా లెక్కించి, రహదారి భద్రతను చూసే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ పర్యవేక్షిస్తుంది. దుకాణంలోనో ఆన్‌లైన్‌లోనో విడిగా కొని గోడకు బిగించుకున్న పెట్టె గృహ వినియోగ వస్తువు కిందికి వస్తుంది కనుక దాన్ని వినియోగ వస్తువుల భద్రతా సంఘం, అంటే సీపీఎస్‌సీ చూస్తుంది. పని రెంటిదీ ఒకటే అయినా ఎవరికి వారే యమునా తీరే.

కారు విషయంలో తయారీదారు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ రికార్డుల నుంచి ప్రస్తుత యజమాని చిరునామా తీసుకుని ఉత్తరం పంపుతాడు, అందువల్ల కారు నాలుగు చేతులు మారినా నోటీసు దాన్ని వెతుక్కుంటూ వస్తుంది. 17 అక్షరాల విన్ (వాహన గుర్తింపు) నంబరుతో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో మనమే చూసుకునే వీలు కూడా ఉంది. వాల్ బాక్సుకు అలాంటి రిజిస్ట్రేషన్ ఏదీ లేదు. కొన్నవాడు యాప్‌లో నమోదు చేసుకుంటే ఆ మెయిల్‌కు, లేకపోతే అమ్మిన దుకాణం దగ్గరున్న చిరునామాకు నోటీసు వెళుతుంది. మీ పాత యజమానికి అది అందే ఉంటుంది, ఇల్లు అమ్మేశాక ఆయన దాన్ని పట్టించుకోవలసిన అవసరం ఏముంది?

రీకాల్ వస్తువుకు సంబంధించినది, మనిషికి కాదు. రసీదు మీ పేరున ఉండాలన్న షరతు సాధారణంగా వారంటీకి పెడతారు. మీకు ఫోన్‌లో జవాబు చెప్పిన ఉద్యోగి ఈ రెంటినీ కలిపేసి ఉంటారు. సీరియల్ నంబరున్న లేబుల్ ఫొటో, మరక పడిన ప్లగ్గు ఫొటో జతచేసి, రీకాల్ విభాగానికే రాతపూర్వకంగా రాయండి.

---

సందేహాల_శాస్త్రి (హ్యూస్టన్)

నాది కాస్త భిన్నాభిప్రాయం. గోపాలం గారి ఫొటోలు చూడకుండానే చెబుతున్నాను, మరక సాకెట్టు మీద ఉంటే తప్పు సాకెట్టుది గానీ చార్జర్‌ది కాదు. ఇల్లు కట్టేటప్పుడు బిల్డర్లు పెట్టే చౌక సాకెట్టు వంటపొయ్యి కోసం ఉద్దేశించినది. దానికి రాత్రంతా 40 ఆంపియర్లు లాగే కారు తగిలించి, కాలితే చార్జర్ కంపెనీని పట్టుకోవడం ఏం న్యాయం? ఇలాంటి రీకాల్స్‌లో సగం లాయర్లకు భయపడి ప్రకటించేవే అని నా అనుమానం.

---

ఎడిసన్_వాణి (న్యూజెర్సీ)

శాస్త్రి గారూ, మీ మాటలో సగం నిజం ఉంది. ఈ దేశంలో ఇంటి చార్జింగ్ రీకాల్స్ చరిత్రంతా ఆ సగం చుట్టూ తిరిగినదే కనుక కొంచెం విపులంగా రాస్తాను.

2012 మార్చిలో జనరల్ మోటార్స్ షెవర్లె వోల్ట్ కార్లకు ఇచ్చిన 120 వోల్టుల కేబుళ్లను, సుమారు 9,500 మందికి, మార్చి ఇచ్చింది. తీగ ఇంకాస్త లావుగా ఉన్న కొత్త కేబుల్ ఇచ్చారు గానీ దాన్ని భద్రతా రీకాల్‌గా ప్రకటించలేదు, వినియోగదారుల సంతృప్తి కోసం చేస్తున్న మార్పు అన్నారు. ఇళ్లలోని పాత సాకెట్లు వేడెక్కుతున్నాయన్న ఫిర్యాదులు అప్పటికే ఉన్నాయి.

2013 నవంబరులో కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో ఒక ఇంటి గ్యారేజీలో టెస్లా మోడల్ ఎస్ చార్జింగ్‌లో ఉండగా మంటలు వచ్చాయి. గోడ సాకెట్టు దగ్గర కాలింది, కారుకు పెద్దగా నష్టం లేదు. తప్పు తమ పరికరానిది కాదని, గోడలోని వైరింగుదని కంపెనీ వాదించింది. అచ్చంగా మీరు అంటున్న మాటే. అయినా 2014 జనవరి వచ్చేసరికి 29,222 కార్లకు రీకాల్ నమోదైంది. అందులో రెండు పరిష్కారాలు ఉన్నాయి. మొదటిది సాఫ్ట్‌వేర్: చార్జింగ్‌లో వోల్టేజీ అనుమానాస్పదంగా ఊగిసలాడితే కారు తనంతట తానే కరెంటును 25 శాతం తగ్గించుకుంటుంది. రెండోది, లోపల థర్మల్ ఫ్యూజు (వేడి మితిమీరితే కరెంటును తెంపేది) ఉన్న కొత్త 14-50 అడాప్టర్‌ను తపాలాలో పంపడం.

ఆ 25 శాతం ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న లెక్క చూడండి. వదులైన పిన్ను దగ్గర నిరోధం 0.05 ఓములే అనుకుందాం, మామూలు మీటరుకు అది ఆనదు కూడా. 40 ఆంపియర్లు పోతుంటే అక్కడ పుట్టే వేడి 80 వాట్లు. సాల్డరింగ్ ఐరన్ 25 నుంచి 60 వాట్లు ఉంటుంది, అంటే ప్లాస్టిక్ పెట్టెలో అంతకు మించినదాన్ని రాత్రంతా మూసి ఉంచినట్టు. కరెంటును 30 ఆంపియర్లకు తగ్గిస్తే వేడి 45 వాట్లకు పడిపోతుంది. కరెంటు పావు వంతు తగ్గితే వేడి దాదాపు సగానికి దిగుతోంది, ఎందుకంటే వేడి కరెంటు వర్గాన్ని బట్టి మారుతుంది.

టెస్లాయే 2016 నవంబరులో బట్టలారబెట్టే యంత్రాల సాకెట్లకు సరిపోయే 14-30 తరహా అడాప్టర్లను, సుమారు 7,000, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఆ తరువాత 2018 ఆగస్టులో ఫోర్డ్ వంతు వచ్చింది. ఫోకస్ ఎలక్ట్రిక్, ఫ్యూజన్ ఎనర్జీ, సీ-మ్యాక్స్ ఎనర్జీ కార్లతో 2012 నుంచి 2015 మోడల్ సంవత్సరాల్లో ఇచ్చిన 120 వోల్టుల కేబుళ్లు ఉత్తర అమెరికాలో సుమారు 50,000 రీకాల్ చేసింది. ఫోర్డ్ చెప్పిన కారణం గమనించదగినది: ప్రత్యేక సర్క్యూట్ లేని, లేదా అరిగిపోయిన సాకెట్టుకు తగిలించినప్పుడు సాకెట్టు వేడెక్కుతోంది. అంటే లోపం ఇంటివారి సాకెట్టులో ఉందని తనే రాస్తూ, కేబుల్‌ను తనే మార్చింది. కొత్త కేబుల్‌లో వచ్చిన ముఖ్యమైన మార్పు థర్మిస్టర్. ప్లగ్గు వేడెక్కితే అది గ్రహించి చార్జింగ్ ఆపేస్తుంది.

కాబట్టి శాస్త్రి గారూ, సాకెట్టు నాసిరకమైతే చార్జర్ నిర్దోషి అన్న వాదన 2018 నాటికే చెల్లకుండా పోయిందని నా అభిప్రాయం. ఇళ్లలో నాసిరకం సాకెట్లు ఉంటాయన్నది తయారీదారుకు ముందే తెలిసిన విషయం. తెలిసీ ప్లగ్గులో ఉష్ణోగ్రత చూసే ఏర్పాటు పెట్టకపోతే అది డిజైన్ లోపమే అవుతుంది.

---

బెజవాడ_కరెంటు (విజయవాడ)

వాణి గారి లెక్క చక్కగా ఉంది. నేను ఇళ్లకు వైరింగు చేసేవాణ్ణి, కాలిన సాకెట్లు విప్పి చూసే పని రోజూ ఉంటుంది. ఇక్కడి సంగతి చెబుతాను.

మన దగ్గర చాలామంది కారుతో వచ్చిన పోర్టబుల్ కేబుల్‌నే వాడతారు, అది 16 ఆంపియర్ల మూడు పిన్నుల ప్లగ్గుకు వస్తుంది. 3.3 కిలోవాట్లు 230 వోల్టుల మీద లాగితే 14 ఆంపియర్లు పైనే. గీజరు కూడా దాదాపు ఇంతే లాగుతుంది గానీ కాసేపటికి ఆగిపోతుంది, కారు మాత్రం తెల్లవార్లూ ఆగకుండా లాగుతుంది. సాకెట్టు విప్పితే నాకు ఎక్కువగా కనిపించేది ఏమిటంటే, లోపలి ఇత్తడి నాలుకలు విడిపోయి పిన్నును గట్టిగా పట్టుకోకపోవడం, తీగ పోగులను లగ్గు (తీగ చివర తొడిగే లోహపు ముక్క) వేయకుండా వట్టిగా మెలిపెట్టి స్క్రూ కింద తోసేయడం, ఒక్కోసారి ఇన్సులేషన్ మీదనే స్క్రూ బిగించడం. పైన ప్లేటు మెరుస్తూనే ఉంటుంది, వెనక మాత్రం తీగ బెత్తెడు మేర నల్లబడి, పీవీసీ బిరుసెక్కి, వంచితే పెళుసుగా విరుగుతుంది. కాలిన వాసన మొదట ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది, కానీ కారు వాసన అనుకుని ఊరుకుంటారు.

ఇంకొకటి రాయకుండా ఉండలేను. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే పోర్టబుల్ కేబుల్ మీద ఎర్రదీపం వెలిగి చార్జింగ్ మొదలుకాదు. అప్పుడు కొందరు పనివాళ్లు సాకెట్టులోనే న్యూట్రల్‌ను ఎర్తు పిన్నుకు ఒక చిన్న తీగతో కలిపేస్తారు. దీపం పచ్చగా మారుతుంది, కారు చార్జ్ అవుతుంది, ఇంటాయన సంతోషించి డబ్బులిస్తాడు. కానీ ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే కారు బాడీ మొత్తానికి కరెంటు వచ్చి కూర్చుంటుంది. ఆ సమయంలో కారు తలుపు మీద చేయి వేసినవాడి గతి ఏమిటి? చార్జర్ కంపెనీ ఎన్ని రీకాల్స్ ప్రకటించినా ఈ చిన్న తీగను ఎవరూ వెనక్కి పిలవలేరు.

---

మియాపూర్_వాసి (హైదరాబాద్)

కరెంటు గారికి కృతజ్ఞతలు. మా అపార్టుమెంటు పార్కింగులో ఒకరి సాకెట్టు దగ్గర ఎర్రదీపం సమస్య వచ్చినప్పుడు పనివాడు సరిగ్గా ఈ ఉపాయమే చెప్పాడు. సంఘం ఒప్పుకోకుండా కొత్త ఎర్తు పిట్టు తవ్వించింది.

నా ప్రశ్న మన చట్టం గురించి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ నెలలోనే ప్యూర్ ఈవీ 2,000 స్కూటర్లను, ఓలా 1,441, ఒకినావా 3,215 వెనక్కి పిలిచాయి. అదే పద్ధతిలో గోడకు బిగించే కారు చార్జర్లను వెనక్కి పిలిపించే అధికారం మన దేశంలో ఎవరికి ఉంది?

---

ఎడిసన్_వాణి (న్యూజెర్సీ)

మియాపూర్ గారూ, ఆ రీకాల్స్ బ్యాటరీలకు సంబంధించినవి, చార్జింగ్ పరికరాలవి కావు. అయితే వాటి ఫలితంగా వచ్చిన మార్పుల్లో కొన్ని చార్జర్‌నూ తాకాయి. ద్విచక్ర వాహనాల బ్యాటరీలకు వర్తించే ఏఐఎస్ 156 ప్రమాణాన్ని సవరించి, 2022 డిసెంబరు 1 నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు దశల్లో అమలు చేశారు. అందులో చార్జింగ్ నిండాక కరెంటు కోసేయడం, బాగా అడుగంటిన బ్యాటరీని గుర్తించి మెల్లగా మొదలుపెట్టడం, ఎర్తు లీకేజీని కనిపెట్టడం వంటి నియమాలు చార్జర్ మీద పెట్టారు.

భారతీయ చట్టం విషయం అక్కడే ఉన్నవారు చెబితే మేలు.

---

న్యాయవాది_రాజమండ్రి

చెబుతాను. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 110ఏ అనే సెక్షను వచ్చింది, దాని ప్రకారం లోపమున్న వాహనాలను రీకాల్ చేయమని కేంద్రం ఆదేశించవచ్చు. నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏడేళ్లలోపు వాహనాలకు వర్తిస్తాయి, ఫిర్యాదుల సంఖ్య ఒక మేరకు చేరాలి, జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు ఉంటుంది. విడిగా కొని గోడకు బిగించిన పెట్టెకు ఈ దారి సూటిగా సరిపోదు.

దానికి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఉంది. ఆ చట్టం కింద 2020 జూలైలో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు 20వ సెక్షను ప్రకారం ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి పిలిపించి, కొన్నవారికి ధర తిరిగి ఇప్పించే అధికారం ఉంది. వస్తువు వల్ల హాని జరిగితే తయారీదారు, అమ్మకందారు, సర్వీసు చేసినవాడు ఎవరి మేరకు వారు బాధ్యులు కావడమన్నది అదే చట్టంలో మరో అధ్యాయం. కాబట్టి మన దేశంలో అధికారం లేక కాదు, సీరియల్ నంబర్లతో సహా ఫిర్యాదులు ఒకచోట చేరకపోవడమే ఇబ్బంది. కారు షోరూము వారు వాల్ బాక్సును ఉచితంగా ఇచ్చినప్పుడు దానికి విడిగా బిల్లు కూడా రాయరు. ఆ బిల్లు అడిగి తీసుకోండి, సున్నా ధరతోనైనా సరే, మోడల్ నంబరూ సీరియల్ నంబరూ రాయించుకోండి.

---

గోథెన్‌బర్గ్_తెలుగు (స్వీడన్)

ఇక్కడి అనుభవం కొంచెం భిన్నమైనది, ఎందుకంటే మా దగ్గర కాలడం, కరగడం ఏమీ లేకుండానే ఒక చార్జర్ అమ్మకం ఆగిపోయింది. నార్వేకు చెందిన ఈజీ అనే కంపెనీ చార్జర్లు ఇక్కడి ఇళ్లలో విస్తారంగా ఉన్నాయి. 2023 మార్చిలో స్వీడన్ విద్యుత్ భద్రతా సంస్థ ఆ కంపెనీ హోమ్, చార్జ్ అనే రెండు మోడళ్ల అమ్మకాన్ని నిషేధించింది. కరెంటు లీకైనప్పుడు సర్క్యూట్‌ను తెంపే రక్షణను ఆ కంపెనీ చార్జర్ లోపలే, తనదైన ఎలక్ట్రానిక్ పద్ధతిలో అమర్చింది. ఆ పద్ధతి ప్రమాణాలకు సమానమైన భద్రత ఇస్తుందని చూపే పత్రాలు చాలవని సంస్థ అభిప్రాయం, తమది సురక్షితమేనని కంపెనీ వాదన.

ఇరుగుపొరుగు అందరిలోనూ ఒకటే అయోమయం. నిషేధం అమ్మకం మీద, గోడ మీద ఇప్పటికే ఉన్నదాన్ని ఏం చేయాలో ఎవరికీ బోధపడలేదు. మా ఎలక్ట్రీషియన్ ఏ వాదమూ పెట్టుకోకుండా ప్యానెల్లో విడిగా ఒక లీకేజీ బ్రేకర్ బిగించి వెళ్లాడు. నాకు అది సబబుగా తోచింది. రెండు రక్షణలు వరుసలో ఉంటే వచ్చే నష్టం అప్పుడప్పుడు అనవసరంగా ట్రిప్ కావడమే.

చార్జర్ లోపల ఏ రక్షణ ఉంది, బయట ఏది పెట్టాలి అన్నది ఇక్కడ ఇళ్లవారు అడగడం ఆ గొడవ తరువాతే మొదలైంది. కారు నుంచి డీసీ లీకేజీ వస్తే మామూలు ‘ఏ’ (A) టైపు లీకేజీ బ్రేకర్ మొద్దుబారిపోయే ప్రమాదం ఉంది, అందుకని 6 మిల్లీ ఆంపియర్ల డీసీని కనిపెట్టే ఏర్పాటు చార్జర్‌లో ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే ప్యానెల్లో డీసీ లీకేజీని కూడా పసిగట్టే ‘బీ’ (B) టైపు పెట్టాలి.

---

బెజవాడ_కరెంటు (విజయవాడ)

ఈ బీ టైపు అడిగితే ఇక్కడి షాపుల్లో ముఖముఖాలు చూసుకుంటారు. ఏసీ టైపు ఆర్‌సీసీబీ (లీకేజీ బ్రేకర్) చేతిలో పెట్టి ఇదే చాలు అంటారు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమాలు మాత్రం చార్జింగ్ పాయింటుకు 30 మిల్లీ ఆంపియర్లకు మించని ఆర్‌సీడీ (లీకేజీ రక్షణ పరికరం) ఉండాలనే చెబుతున్నాయి. కనీసం ‘ఏ’ (A) టైపు అడిగి తీసుకోండి, డబ్బా మీద గుర్తు ఉంటుంది.

---

క్రాయ్‌డన్_సుధ (లండన్)

బ్రిటన్ నుంచి ఒక చిన్న మాట. ఇక్కడ వాల్‌బాక్స్ అనే పేరున్న కంపెనీ వారి కాపర్ ఎస్‌బీ చార్జర్ మోడల్ అమ్మకం 2024 జూన్ 30తో ఆగిపోయింది, అది కూడా వేడి వల్ల కాదు. స్మార్ట్ చార్జర్లకు 2022 డిసెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చిన సైబర్ భద్రతా నియమాలకు అది సరిపోలేదు. ఇంటర్నెట్‌కు తగిలించిన 7 కిలోవాట్ల స్విచ్చు పరాయివారి చేతిలో పడకూడదన్నది ఆ నియమాల ఉద్దేశం.

---

సందేహాల_శాస్త్రి (హ్యూస్టన్)

అందరూ చట్టాలు, ప్రమాణాలు, సంస్థలు అంటున్నారు, సంతోషం. ఇవన్నీ కంపెనీ బతికి ఉంటేనే కదా? ఎనెల్ ఎక్స్ వే సంస్థ 2024 అక్టోబరులో అమెరికా, కెనడాల్లో తన చార్జర్ వ్యాపారాన్ని కొన్ని రోజుల నోటీసుతో మూసేసింది. దాని జ్యూస్‌బాక్స్ చార్జర్లు కొనుక్కున్నవారి యాప్, కస్టమర్ సర్వీసు ఏమయ్యాయో చూశాం. రేపు ఆ పెట్టెల్లో ఏదైనా లోపం బయటపడితే వాణి గారు చెప్పిన ఆ రీకాల్ ఉత్తరం ఎవరు రాస్తారు?

---

ఎడిసన్_వాణి (న్యూజెర్సీ)

ఇది గట్టి ప్రశ్న, నా దగ్గర తృప్తికరమైన జవాబు లేదు. కానీ ఇది ఇంతకుముందు ఒకసారి జరిగింది.

2009 తరువాత అమెరికా ఇంధన శాఖ దాదాపు 10 కోట్ల డాలర్ల సాయంతో ఈవీ ప్రాజెక్ట్ అనే పథకం నడిపింది. ఎకోటాలిటీ అనే సంస్థ ఆ డబ్బుతో వేలాది ఇళ్లలో బ్లింక్ చార్జర్లు పెట్టింది. 2013లో కారుకు తగిలించే కొన్ని కనెక్టర్లు వేడెక్కుతున్నట్టు తేలింది. ఇంటింటికీ వెళ్లి కనెక్టర్లు మార్చే బదులు, నెట్‌వర్క్ ద్వారా చార్జర్ల కరెంటును 30 ఆంపియర్ల నుంచి 24కు తగ్గించారు. వేడి మూడో వంతుకు పైగా తగ్గింది, చార్జింగ్ సమయం పెరిగింది. ఆ సెప్టెంబరులోనే సంస్థ దివాలా తీసింది, మరుసటి నెల దాని బ్లింక్ వ్యాపారాన్ని మయామీకి చెందిన మరో కంపెనీ సుమారు 33 లక్షల డాలర్లకు కొనుక్కుంది.

రిమోట్‌గా కరెంటు తగ్గించడం త్వరగా, చౌకగా జరిగిపోతుంది, ఆ రాత్రికి మంటలు రాకుండా కాపాడుతుంది కూడా. అంతమాత్రాన కనెక్టర్ బాగుపడదు. కంపెనీ మూతపడితే తగ్గించినవాడూ ఉండడు, మార్చి ఇచ్చేవాడూ ఉండడు. అందువల్ల నేను కొనేవారికి చెప్పేది, యాప్ లేకుండా కూడా పనిచేసే చార్జర్, లోపల ఆంపియర్లను స్విచ్చుతో నిర్ణయించుకునే వీలున్నది తీసుకోమని. ఆకర్షణీయమైన యాప్ చూసి ఎవరూ మోసపోవద్దు.

సాకెట్టు ప్రసక్తి కూడా పూర్తి చేస్తాను. గోపాలం గారి చార్జర్ 40 ఆంపియర్లది. ఇక్కడి విద్యుత్ కోడ్ ప్రకారం మూడు గంటలకు మించి ఆగకుండా నడిచే లోడుకు సర్క్యూట్ సామర్థ్యం 125 శాతం ఉండాలి కనుక 50 ఆంపియర్ల బ్రేకర్ తప్పనిసరి. సాకెట్టు కూడా 50 ఆంపియర్లదే గానీ, రోజూ తీసి పెట్టినా నిలబడే పారిశ్రామిక తరహా సాకెట్టుకూ, వంటపొయ్యి వెనక పదేళ్లకు ఒకసారి కదిలే సాకెట్టుకూ చాలా తేడా ఉంది. శాస్త్రి గారు మొదట అన్నది ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. వీలైతే సాకెట్టే లేకుండా తీగను నేరుగా చార్జర్‌కు బిగించేయడం అన్నిటికంటే మేలు.

---

సందేహాల_శాస్త్రి (హ్యూస్టన్)

చివరికి నా సాకెట్టుకు న్యాయం జరిగింది. ప్లగ్గులో ఉష్ణోగ్రత చూసే ఏర్పాటు లేకపోవడం డిజైన్ లోపమన్న మీ మాటను నేనూ ఒప్పుకుంటున్నాను. కానీ రెండు వైపులా లోపముంటే కంపెనీ ఒక వైపే మార్చి ఇస్తుంది, రెండో వైపు ఇంటాయన జేబులోంచే మారాలి. నోటీసుల్లో ఈ సంగతి పెద్ద అక్షరాలతో రాయాలి.

---

గ్యారేజీ_గోపాలం (ఫ్రిస్కో, టెక్సాస్)

మిత్రులకు కృతజ్ఞతలు. వాణి గారు చెప్పినట్టు లేబుల్ ఫొటోతో రీకాల్ విభాగానికి రాశాను, దానితోపాటు సీపీఎస్‌సీ వారి సేఫర్ ప్రొడక్ట్స్ వెబ్‌సైటులో ఫిర్యాదు కూడా నమోదు చేశాను. ఆ ఫిర్యాదును సంఘం సాధారణంగా ఐదు పనిదినాల్లో కంపెనీకి పంపుతుందనీ, ఆ తరువాత పది పనిదినాలకు బహిరంగంగా ప్రచురిస్తుందనీ, మన పేరు బయటపెట్టదనీ అక్కడ రాసి ఉంది. అంతకుముందు రసీదు అడిగిన కంపెనీ ఈసారి రసీదు ఊసెత్తకుండా కొత్త యూనిట్ పంపుతామని జవాబిచ్చింది.

అయితే బిగించే ఖర్చు తమది కాదంటున్నారు. సాకెట్టు తీసేసి నేరుగా తీగ కలపడానికి ఇక్కడి ఎలక్ట్రీషియన్ చెప్పిన ధర కొత్త చార్జర్ ధరకు దగ్గరగా ఉంది. దీన్ని కంపెనీ చేత కట్టించే మార్గముందా? పాత యూనిట్‌ను ఏం చేయాలో కూడా చెప్పగలరు. మా పక్కింటాయన దాన్ని 16 ఆంపియర్లకు తగ్గించి వాడుకుంటానని అడుగుతున్నారు.

---

న్యాయవాది_రాజమండ్రి

అమెరికా చట్టం నా పరిధి కాదు గానీ, ఎక్కడైనా మొదట చూడవలసింది రీకాల్ నోటీసులో పరిష్కారం అన్న శీర్షిక కింద ఏం రాశారన్నది. ఉచిత మార్పిడి అని మాత్రమే ఉందా, ఉచితంగా మార్చి బిగించి ఇవ్వడం అని ఉందా? రెండోదైతే ఫోన్‌లో ఎవరేమి చెప్పినా ఖర్చు వారిదే.

---

ఎడిసన్_వాణి (న్యూజెర్సీ)

రాజమండ్రి గారి మాటే నాదీ. ఒకటి కలుపుతాను: నోటీసులో బిగింపు ప్రస్తావన లేకపోతే, చార్జర్ మార్చడానికి అయ్యే ఖర్చునూ, సాకెట్టు తీసేసి తీగ కలపడానికి అయ్యే ఖర్చునూ ఎలక్ట్రీషియన్ చేత విడివిడిగా రాయించుకోండి. మొదటిది కంపెనీని గట్టిగా అడగవచ్చు. రెండోది మీ ఇంటి పని, అది వారి చేత కట్టించాలని పట్టుబడితే మొదటిది కూడా చిక్కులో పడుతుంది. మీ విద్యుత్ సంస్థ ఇంటి చార్జర్లకు రాయితీ ఏదైనా ఇస్తోందేమో కూడా కనుక్కోండి.

పాత యూనిట్‌ను పక్కింటాయనకు ఇవ్వకండి, ఉచితంగా కూడా ఇవ్వవద్దు. రీకాల్ అయిన వస్తువును అమ్మడం 2008 నాటి చట్టం తరువాత ఈ దేశంలో నేరం, ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్‌గా అమ్మినా అంతే. పైగా ఆయన ఆ ప్లగ్గును తన ఇంటి సాకెట్టులో పెడితే మరక పడిన పిన్ను ఆ సాకెట్టును కూడా పాడు చేస్తుంది. చాలా రీకాల్స్‌లో తీగను కత్తిరించి, సీరియల్ లేబుల్ కనిపించేలా ఫొటో తీసి పంపమంటారు. మీ కంపెనీ పాతదాన్ని వెనక్కి పంపమంటుందో, కత్తిరించమంటుందో ముందు రాతపూర్వకంగా అడగండి. ఆ జవాబు వచ్చేవరకు కత్తెర పెట్టవద్దు, మరక పడిన ప్లగ్గు మీ దగ్గరున్న ఏకైక సాక్ష్యం.